గడియారం ఎవరి చేతికుంటే గంట వారిదే

దీనమ్మత్త పోయాక ఆమె గడియారం నా దగ్గరికి వచ్చింది. వచ్చేనాటికే ఆగిపోయి ఉంది. మంచాన పడ్డ చివరి రోజుల్లో దానికి కీ ఇచ్చే సత్తువ ఆమె వేళ్ళకు లేకపోయింది. మరొకరి చేత ఇప్పించుకునే గుణం ఆమెకు పుట్టుకతోనే లేదు. షాదీపూర్‌లో మా ఇంటి వరండాలో ఆ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్న రోజునే మా చర్చి కమిటీ కార్యదర్శి సైమన్ గారు వచ్చారు. మంచి మనిషే. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అత్త గురించి రెండు మంచి మాటలు చెప్పి అప్పుడు అసలు సంగతికి వచ్చారు. చర్చి వార్షికోత్సవానికి ఒక అద్దాల పెట్టె చేయిస్తున్నారట. అందులో సంఘం మొదటి బైబిలు, పాత కానుకల సంచీ, మా తాత గడియారం పెడతారట. 'సంఘపెద్ద యోహాను గారి గడియారం' అని కింద అంటించడానికి చీటీ కూడా రాయించేశారట.

"ఎలాగూ ఆగిపోయిందే కదా టీచరమ్మా. ఇంట్లో ఉంటే తుప్పు పట్టీద్ది. అక్కడుంటే పదిమందీ సూస్తారు," అన్నారాయన.

"అది మా తాతది కాదండీ. మా అత్తది."

"అదేలెండి. ఆయన తరవాత ఆవిడ పెట్టుకునీవారు కదా."

పెట్టుకునేవారు. ఆ ఒక్క మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. తాత దాన్ని కొనుక్కున్న కొన్నేళ్ళకే పోయాడు. అత్త ఉద్యోగం చేసినన్నాళ్ళూ, చేయడం మానేశాక కూడా అది ఆమె చేతికే ఉంది. పెద్దాసుపత్రిలో ఆమె నాడి పట్టుకున్న ప్రతి మనిషి గుండెనూ ఆ గడియారంలోని చిన్న సెకన్ల ముల్లే లెక్కపెట్టింది. అలాంటిదాన్ని ఆగిపోయిన శవంలా అద్దాల కింద పడుకోబెట్టి, పైన తాత పేరు రాస్తారట. నేను కోపాన్ని మింగి, అత్త ఒకప్పుడు ఆడిన మాటే ఆడాను. "ఆదివారం నాటికి ఇది ఆగి ఉంటే మీ పెట్టెలో పెట్టుకోండి. నడిస్తే మాత్రం మళ్ళీ అడగొద్దు," అన్నాను. ఆయన నవ్వి, సరేనని వెళ్ళిపోయారు. అరవై దాటిన రిటైరైన తెలుగు టీచరు గడియారం ఏం బాగుచేస్తుందిలే అనుకుని ఉంటారు. ఆ నవ్వు నాకు కొత్తది కాదు. మా నాన్న ముఖాన చూశాను దాన్ని, నా చిన్నప్పుడు.

మా తాత పడవల రేవులో సరంగుగా పనిచేసేవాడు, అంటే లాంచీ నడిపే మనుషులకు పెద్ద. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాడు. మా పేటలో చర్చి అంటే అప్పుడు రేకుల కప్పు, చాపలు, బయట గుంజకు వేలాడే ఒక గంట. ఆ గంట తాతే కొట్టేవాడు, ఎందుకంటే పేటలో చేతి గడియారం ఆయన ఒక్కడికే ఉండేది. దాని అవసరం బయటివాళ్ళకు అర్థం కాదు. తూర్పున ఎక్కడో సముద్రం మధ్యనున్న ఈ దీవుల్లోనూ గడియారం దేశమంతటిదే, పొద్దు మాత్రం మరీ పెందలాడే పొడుస్తుంది. శ్రీకాకుళం తీరాన పొద్దును చూసి వేళ చెప్పడం అలవాటైన మా పెద్దవాళ్ళు ఇక్కడికొచ్చి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు మానుకోలేదు. ఎండ వాకిట్లోకి రాగానే ఆరాధన వేళ దాటిపోయిందని కంగారుపడి, తల కూడా దువ్వుకోకుండా చర్చికి పరిగెత్తేవారు. తీరా వెళితే తలుపే తీసి ఉండేది కాదు. గుమ్మం ముందు కూర్చుని, దేవుణ్ణి కాకుండా సూర్యుణ్ణి తిట్టుకుంటూ గడిపేవారు. అందుకే తాత గంట కొడితే తప్ప ఎవరూ ఇల్లు కదలకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. గడియారం ఎవరి చేతికుంటే గంట వారిదే అన్న మాట అలా పుట్టింది. తాత తన గడియారాన్ని రేడియో టైముకంటే కాస్త ముందుకే పెట్టుకునేవాడు. లాంచీ ఎవరి కోసమూ ఆగదు, దేవుడు మాత్రం ఎందుకాగాలి అనేవాడు.

తాత పోయాక నాయనమ్మ ఆ గడియారాన్ని చేతిరుమాల్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఇదీ మా పేట ఆచారమే. ఇక్కడి ఉప్పుగాలికీ, ఏడాదిలో సగం కురిసే వానకీ ఇనుమన్నది బతకదు. బియ్యం తేమను తాగేస్తుందని అందరూ నమ్మేవారు. అందుకని అగ్గిపెట్టెల దగ్గర్నుంచి బీరువా తాళాల దాకా అన్నీ బియ్యం డబ్బాలోనే ఉండేవి. అన్నం వండబోయి చేయి పెడితే ఏదో ఒకటి తగిలేది. మా నాయనమ్మకు ఇంకో నమ్మకం కూడా ఉండేది, కొబ్బరినూనె. పిల్లల తలకీ అదే, తలుపు బందులకీ అదే, కుట్టుమిషనుకీ కత్తెరకీ అదే. ఆ ఇంటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు వచ్చేది తడిసిన రేకుల వాసన, దాని వెనకాల ఎండుచేప, ఆ రెంటినీ కప్పేస్తూ కొబ్బరినూనె.

వానలు తగ్గాక నాన్న డబ్బాలోంచి గడియారం తీశాడు. పెద్దకొడుకు కాబట్టి ఆదివారం నుంచి గంట తనదేనని అప్పటికే నలుగురికీ చెప్పుకున్నాడు. కీ ఇచ్చాడు, కదలలేదు. బజారుకు పట్టుకెళితే అక్కడి రిపేరు మనిషి వెనక మూత తీసి, లోపలంతా పిండి కొట్టుకుపోయిందని, ఇక లాభం లేదని చెప్పాడట. నిజమే, మాకు వచ్చే బియ్యం నిండా తవుడే. తేమను తాగడం మాటెలా ఉన్నా, ఆ ధూళి రుమాలులోంచి దూరి, కీ పక్కనున్న సందులోంచి లోపలికి చేరిపోయింది. నాన్న దాన్ని పాతసామాను కింద ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటానన్నాడు. అప్పుడు మాట్లాడింది దీనమ్మత్త. నాన్నకు చెల్లెలు, ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరింది. పేరుకే దీనమ్మ, దీనంగా తలొంచుకోవడం ఆమెను కన్నవాళ్ళు కూడా చూడలేదు.

"దాన్ని ఇచ్చీకు అన్నియ్యా. నేను నడిపిస్తాను. నడిస్తే నాదే," అంది.

నాయనమ్మ చేస్తున్న పని ఆపింది. "ఓలమ్మ, మగోడి గడియారం ఆడగుంట సేతికేటే? కావాలంటే సన్నదొకటి కొనుక్కో."

"నాకు సన్నది ఒద్దమ్మా. నాయన్ది కావాలి. వార్డులో నాడి సూడ్డానికి దీన్లో సెకన్ల ముల్లుంది."

"మరి గంటో?" అన్నాడు నాన్న.

"గడియారం ఎవరి సేతికుంటే గంట ఆల్దే కదేటి?"

నాన్న నవ్వాడు. సైమన్ గారు నవ్వినట్టే. "సరే, నడిపించు సూద్దాం," అన్నాడు. అన్న మాట ఇంట్లో అందరం విన్నాం.

మొదట అత్త కూడా మా ఇంటి మనిషిలాగే ఆలోచించింది. కూరగాయలు తరిగే చాకుతో మూత తీయబోతే అది జారి వెనక పెద్ద గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. మూత వచ్చాక నోటితో ఊది, కోడి ఈకను కొబ్బరినూనెలో ముంచి చక్రాల మీద రాసింది. గడియారం నడిచింది! నాయనమ్మ స్తోత్రం చెప్పింది, అత్త చేతికి కట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. కొన్నాళ్ళకే నూనె బంకలా మారి, ఉన్న తవుడును కూడా పట్టేసుకుని, అది మునుపటికంటే గట్టిగా ఆగిపోయింది. "అయిపోయిందేటి డాక్టరమ్మ వైద్యం?" అన్నాడు నాన్న. అత్త గడియారాన్ని తీసి, ఈసారి బియ్యం డబ్బాలో కాకుండా, మూత బిగుతుగా పట్టే బిస్కట్ల రేకు పెట్టెలో పెట్టింది. అదే ఆమె పనిముట్ల పెట్టె అయింది.

ఆ తరువాత కొన్ని సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళేది. రిపేరు మనిషి అద్దాల గూడు ముందు, చూరు కింద నిలబడి, వాన తగ్గేదాకా ఆగినట్టు నటిస్తూ అతని చేతులు చూసేది. ఒకరోజు అతను తలెత్తి, ఏం కావాలన్నట్టు చూసి, "క్యా చాహియే దీదీ?" అనడిగాడు. "కుఛ్ నహీ భయ్యా, బారిష్ రుక్ జాయే, చలే జాయేంగే," అంది అత్త, వాన ఆగగానే వెళ్ళిపోతామని. అప్పటికి వాన తగ్గి చాలాసేపయింది. రోడ్డు మీద పిల్లలు బంతాట కూడా మొదలుపెట్టారు. అతను వాళ్ళవైపు చూశాడు, అత్తవైపు చూశాడు, మళ్ళీ తల దించుకుని పని చేసుకున్నాడు.

ఆమె పనిముట్లు ఎంచుకున్న తీరును నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఏది దొరికితే అది కొనేది కాదు. ఒక్కోదాన్నీ పెళ్ళికొడుకును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, పనికిరాదనుకుంటే మొహమాటం లేకుండా తిప్పి పంపేది. మూత తీయడానికి పదునైన చాకు వద్దని, రొట్టెకు వెన్న రాసే మొద్దు చాకు తీసుకుని, దాని అంచును మా సన్నికల్లు మీద రోజూ కాస్త కాస్త అరగదీసింది. పదును జారుతుంది, మొద్దు పట్టుకుంటుంది అనేది. ఊదడానికి నోరు పనికిరాదు, నోటి తడి ఉప్పుగాలికంటే చెడ్డదని మందుల షాపులో చెవి కడిగే రబ్బరు బుడ్డి కొంది. పట్టకారు ఎంచుకోవడానికి గుండుసూది వెంట తీసుకెళ్ళింది. సూదిని అయస్కాంతంలా తనవైపు లాగే పట్టకారు వద్దంది, అది రేపు స్ప్రింగునూ లాగుతుందని. మద్రాసు ఓడలో పనిచేసే పక్కింటాయన చేత మూడే మూడు తెప్పించింది. కంటికి పెట్టుకునే భూతద్దం, గడియారాల నూనె చిన్న సీసా, సన్నని స్క్రూడ్రైవర్లు. స్క్రూడ్రైవరు మొన మర గాడిలో ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా కూర్చోవాలి, సన్నమైతే గాడిని కొరికేస్తుంది అని, తెచ్చిన వాటిలో ఒకటి సరిపోకపోతే దాన్ని కూడా సన్నికల్లు మీదే సరిచేసింది. ఆ ఏడు మా ఇంట్లో పచ్చడి నూరితే పళ్ళ కింద ఇనుము తగులుతోందని నాన్న గోల పెట్టాడు.

మిగతావి ఇంట్లోవే. వెదురు పుల్లలు చెక్కి సూదిమొన తేల్చింది, ఎందుకంటే వెదురు మురికిని తీస్తుంది గానీ లోహాన్ని గీయదు. పోగులు రాని మెత్తని గుడ్డ కావాలని వెతికి వెతికి నాన్న ఆదివారం పంచెలో ఒక మూర చించేసింది. పంచె పాతదేనని ఆమె, కొత్తదేనని నాన్న, చాలా ఏళ్ళు వాదించుకున్నారు. ఇంక కావలసింది మర పడితే ఎగిరిపోకుండా కింద పరిచే తువ్వాలు, మర కనబడేలా తెల్ల పింగాణీ పళ్ళెం, మధ్యలో లేవాల్సి వస్తే ధూళి పడకుండా బోర్లించే గాజు గ్లాసు. ఆసుపత్రిలో ఆపరేషను బల్ల సర్దినట్టు సర్దేది. ఏది ఎక్కడుందో చూడకుండా చేయి చాస్తే అందాలి.

సెలవురోజు పొద్దున, గాలి లేని వేళ చూసి, వరండాలో బల్ల వేసి కూర్చుంది. చేతులు సబ్బుతో కడిగి, కొంగు బిగించి, నన్ను తప్ప ఎవర్నీ అటువైపు రావద్దని చెప్పి మూత తీసింది. బుడ్డితో ఊదితే తవుడు పొగలా లేచింది. పెట్రోలులో తడిపిన పుల్ల మొనతో ఆ కొబ్బరి జిడ్డును చక్రాల ఒక్కో పంటి మీదినుంచీ తీసింది. ప్రతి పుల్లనూ ఒక్కసారే వాడి పారేసింది. నూనె సీసాలో సూది ముంచి, సూది మొనన నిలిచినదాన్నే తగిలించింది. "బొట్టు కూడా ఎక్కువేనే గుంటా. మనింట్లో నూనంటే సేరు పోసీడమే ఒచ్చు," అంది నాతో. లోపలి నుంచి నాయనమ్మ దగ్గింది. చాలాసేపటికి బుల్లి చక్రం ఒకసారి వణికి, ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టింది. అత్త ఎవర్నీ పిలవలేదు. గ్లాసు బోర్లించి, దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందని తరువాత తెలిసింది నాకు.

ఆదివారం గంట గుంజ దగ్గర నాన్న ముందే నిలబడి ఉన్నాడు. పేట సగం అక్కడే ఉంది. అత్త తెల్లచీర కట్టుకుని, సన్నని మణికట్టు మీద ఆ పెద్ద గడియారం జారిపోతుంటే మోచేతి దాకా తోసుకుంటూ వచ్చింది. నాన్న చేయి చాచాడు.

"నడిసింది కదా. సంతోషం. ఇక ఇలాగియ్యి. ఆడది గంట కొడితే ఊరు నవ్వుద్ది."

"నవ్వనీ అన్నియ్యా. నవ్వితే మేలుకునే ఉన్నారని తెలుస్తాది," అంది అత్త. "టైమయిపోయింది. తప్పుకో."

నాన్న తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మాట ఇచ్చాడనా, ఆమె కళ్ళల్లో తాతను చూశాడనా. అత్త తాడు పట్టుకుని లాగింది. ఆ రోజు కొందరు మగవాళ్ళు లోపలికి రాకుండా బయటే నిలబడ్డారు. తరువాతి ఆదివారం వాళ్ళలో కొందరు వచ్చారు. ఆ తరువాత ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. నాన్న మాత్రం ఆ రోజు మధ్యాహ్నం అన్నం తింటూ, తలెత్తకుండానే, "టైమెంతయింది దీనా?" అనడిగాడు. అత్త చెప్పింది. ఇంట్లో టైము చెప్పేది ఆనాటి నుంచీ ఆమే.

ఇక ఇప్పటి సంగతి. సైమన్ గారు వెళ్ళిన మర్నాడు మా తమ్ముడి కూతురు జెస్సీని తీసుకుని మిడిల్ పాయింట్‌లో ఒక గడియారాల షాపుకు వెళ్ళాను. గడియారంతోపాటే వచ్చిన అత్త పనిముట్ల పెట్టె ఉన్నా నా కళ్ళ మీద నాకు నమ్మకం తక్కువై వెళ్ళాను. కౌంటరు కుర్రాడు మూత కూడా తీయలేదు. "ఆంటీ, ఇస్‌మే అబ్ కుఛ్ నహీ హై. నయా లే లో," అని, కొత్తది కొనుక్కోమంటూ అడుగులు లెక్కపెట్టే గడియారాన్ని నా ముందు పెట్టాడు. నా అడుగులు లెక్కపెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికే చాలామంది ఉన్నారు నాయనా అని చెప్పి వచ్చేశాను. జెస్సీ ఓడ టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది, దేనికైనా ఫోనులో మందు వెతుకుతుంది. అంతకుముందే దీనమ్మత్త గడియారం కోసమని ఒక పెద్ద నల్లపెట్టె తెప్పించి పెట్టింది. తెరిస్తే లోపల వరసలు వరసలుగా మెరిసే పనిముట్లు, సగం దేనికో ఆ పెట్టె చేసినవాడికీ తెలిసి ఉండదు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకే అన్నాను. అయినా పిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకని ఒక్కోటీ తీసి చూశాను. పట్టకారు గుండుసూదిని ఎగరేసి పట్టుకుంది. స్క్రూడ్రైవరు మొన మొదటి మరకే మెలిదిరిగింది. మూత తీసే చాకుకు అప్పుడే తుప్పు చుక్కలు వచ్చాయి. రబ్బరు బుడ్డి మాత్రం నిజంగా బాగుంది. అత్త బుడ్డి ఎండి పగిలిపోయింది కాబట్టి దీన్ని బిస్కట్ల పెట్టెలోకి మార్చాను. కొత్తదని తోసెయ్యడం కూడా ఒకరకం సోమరితనమే. పాతదని పారెయ్యడం మాత్రం అంతకంటే పెద్ద సోమరితనం.

"ఛోడో నా అత్తా, వదిలీ," అంది జెస్సీ. "నీ సేతులు వణుకుతున్నాయి. ఇచ్చీ, పెట్టెలో పెట్టుకుంటారు. పేరు ఎవరిదైతే ఏటి?"

"వణికితే మోచేతులు బల్లకానించుకుంటాను. ఆవిడ పేరు చెప్పుకోవడానికి మనం తప్ప ఎవరున్నారే? ఇవాళ ఆవిడ పేరు పోతే రేపు నా పేరూ పోతుంది, ఆ తరువాత నీది."

ఈ పిల్లకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నేను ఇది రాస్తుంటే కూడా, ఏటి రాస్తున్నావో సదివి ఇనిపించు అంటుంది. రంగత్‌లో పనిచేసినన్నాళ్ళూ ఎందరి పిల్లలకో అక్షరాలు దిద్దించినదాన్ని, ఇంట్లో పిల్లకు నేర్పలేకపోయాను. చదవలేని పిల్లకు అద్దాల పెట్టె కింద చీటీలో ఎవరి పేరు ఉంటే ఏమిటి, చేతికి కట్టిన గడియారం మాత్రం ఎవరైనా చదువుతారు. జెస్సీ లేచి వెళ్ళి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను అడగలేదు. ఫ్యాను కూడా తనే కట్టేసింది.

వెన్న చాకు పెట్టి తిప్పితే మూత పాత స్నేహంతో తెరుచుకుంది. లోపల తవుడు లేదు, నూనె ఎండిపోయి ఉంది, అంతే. అత్త చివరిదాకా దాన్ని అంత శుభ్రంగా ఉంచింది. పుల్లలు చెక్కింది నేను, నా చేతులు వణికినచోట మొన పట్టింది జెస్సీ. గుడ్డ మాత్రం అదే, నాన్న పంచె ముక్క, ఉతికి ఉతికి పొరలా అయిపోయింది. సూదిమొన నూనె తగిలించి కీ ఇచ్చాం. బుల్లి చక్రం వణికింది. జెస్సీ ఫోను చూసి టైము పెట్టబోతే, ఆపి, తాత పెట్టుకున్నట్టే కాస్త ముందుకు తిప్పాను.

ఆదివారం చర్చి గుమ్మంలో అద్దాల పెట్టె ఎర్రగుడ్డ పరిచి సిద్ధంగా ఉంది. ఇప్పుడు మాది సిమెంటు చర్చి. ఫోనులో టైము పెట్టి, రికార్డు చేసిన గంటను స్పీకరులో మోగిస్తారు. పాత గంట మాత్రం అదే గుంజకు, పక్కనున్న గన్నేరు కొమ్మలు కప్పేసి, అలాగే ఉంది. సైమన్ గారు ఎదురొచ్చి నా చేతివైపు చూశారు. నేను మణికట్టు ఆయన చెవి దగ్గరికి ఎత్తాను. ఆయన విన్నారు. మంచి మనిషని ముందే చెప్పాను, ఆయన అబద్ధమాడలేదు.

"నడుస్తోంది," అన్నారు.

"ఆగిననాడు నేనే కబురు చేస్తాను. ఆ చీటీ మీద అప్పుడు దీనమ్మ అని రాయించాలి," అని, గన్నేరు కొమ్మలు తప్పించుకుంటూ గుంజవైపు నడిచాను.

"టీచరమ్మా, ఎందుకు కష్టం? టైమవ్వగానే స్పీకరే మోగుతాది కదా."

గడియారం చూసుకున్నాను. మా టైము అయింది. తాడు పట్టుకుంటే వెనకనుంచి జెస్సీ కూడా పట్టుకుంది. ఇద్దరం కలిసి లాగాం. మొదటి దెబ్బకు తుప్పు రాలింది, రెండో దెబ్బకు గంట పలికింది. చర్చి ముందు షెడ్డు కింద కబుర్లు చెప్పుకుంటున్న పెద్దవాళ్ళు ఉలిక్కిపడి, ఏ కాలం అలవాటో మరి, లేచి లోపలికి నడిచారు. వాళ్ళ వెనక పిల్లలూ నడిచారు. స్పీకరులో గంట మోగేసరికి మేం మొదటి పాట సగం పాడేశాం.